ఈ ఇంట్లో ఎవరెవరున్నారు

జూన్ 6

వదినగారికి నమస్కారం.

ఆ రోజు జరిగింది ఉన్నదున్నట్టు రాయమన్నారు. ఫోన్లో నేను చెప్పలేకపోయాను, మీరు వినలేకపోయారు. అందుకని రాస్తున్నాను.

పొద్దున మీ చెల్లెలు నాకంటే ముందే లేచింది. టీ పెట్టింది. జాబితా కాగితాలు సంచిలో సర్దుకుని, గొడుగు తీసుకుని బయల్దేరింది. ఎన్నికలకు ముందు ఓటర్ల జాబితా సరిచూసే రోజులు. ప్రతి తలుపూ కొట్టి, ఈ ఇంట్లో ఎవరెవరున్నారు అని అడగాలి. కొత్తగా వచ్చినవాళ్ళని రాసుకోవాలి. ఇల్లు మారినవాళ్ళకీ, పోయినవాళ్ళకీ గుర్తు పెట్టాలి. మా వీధికి ఏళ్ళ తరబడి ఆమే పరిశీలకురాలు. వీధిలో అందరూ లిస్టమ్మ అని పిలవడం మీరూ విన్నారు.

మధ్యాహ్నం నవ్వుకుంటూ వచ్చింది. నీళ్ళ ట్యాంకు చిరునామాతో పదకొండు మంది ఓటర్లున్నారట. ట్యాంకు చుట్టూ తిరిగి చూశానని, దానికి తలుపు లేదు కాబట్టి ఎక్కడ కొట్టాలో తెలియలేదని చెప్పింది. భోజనం చేసి కాసేపు పడుకుంది. పగలు పడుకునే అలవాటు లేదు. నేను పట్టించుకోలేదు.

సాయంత్రం మళ్ళీ వెళ్ళింది. మా వీధి చివర మూలింట్లో ఒక పెద్దాయన పోయి రెండేళ్ళవుతోంది. ఆయన పేరు ఇంకా జాబితాలో ఉంది. ఆయన భార్య లోపల ఉండి కూడా తలుపు తీయదు. ఆ రోజూ తీయలేదు. మీ చెల్లెలు తిరిగొచ్చి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుంది. "తీయకపోతే పోయె, రేపు మళ్ళీ వెళ్తా" అంది. ఫ్యాను కొంచెం పెంచమంది. పెంచాను. మంచినీళ్ళు తేవడానికి వంటగదిలోకి వెళ్ళాను. గ్లాసు జిడ్డుగా ఉంటే కడిగాను. తిరిగొచ్చేసరికి తల గోడకు ఆనించి ఉంది. కునుకు పట్టిందనుకుని గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.

గుండె ఆగిందని, నొప్పి తెలిసి ఉండదని డాక్టరు చెప్పాడు. అంతే జరిగింది.

మీ మోకాలి ఆపరేషన్ అయిన వారంలోనే ఇది జరగడం, మీరు మంచం దిగలేకపోవడం ఎవరి తప్పూ కాదు. ఆ మాట మనసులో పెట్టుకోకండి.

ఇంకొకటి. నిన్న ఎన్నికల ఆఫీసుకు వెళ్ళి, జాబితాలోంచి ఆమె పేరు తీసేయమని దరఖాస్తు ఇచ్చి వచ్చాను. నెలాఖరుకి జాబితా మూసేస్తారు.

కాలు కింద మోపే విషయంలో డాక్టరు చెప్పినట్టు వినండి.

మీ మరిది


జూన్ 10

మరిదిగారికి వదిన ఆశీస్సులు. కోపం కూడా ఉంది. అది కింద రాస్తాను.

ముందు మోకాలి సంగతి. వ్యాయామం చేయించడానికి ఒకావిడ వస్తోంది. లెక్కపెడుతుంటే తిట్టినట్టే ఉంటుంది. నేను ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి ఎంతమంది చేత ఇలా కాళ్ళు ఎత్తించానో, ఆ పాపమంతా ఇప్పుడు వడ్డీతో కట్టించుకుంటోంది. పైన అద్దెకున్నతను సంగీతం నేర్చుకుంటున్నాడు. ఇంకా ఒకటే స్వరం దగ్గరున్నాడు. అది కూడా అతని మీద అలిగినట్టుంది.

మీ ఉత్తరం చదివాను. మళ్ళీ చదివాను. మా చిన్నది ఫ్యాను పెంచమన్న చోట ఆగిపోతున్నాను. అక్కడినుంచి ముందుకు పోబుద్ధి కావడం లేదు.

ఇక కోపం. దాని సబ్బు ఇంకా సబ్బుపెట్టెలో తడారి ఉండదు, మీరు అప్పుడే పేరు కొట్టేయించడానికి పరిగెత్తారు. ఏం కొంపలంటుకున్నాయని? రేషన్ ఆగిందా, కరెంటు పోయిందా? జాబితాలో పేరుంటే ఎవరి మీదైనా బరువా? మీరు చదువుకున్నవాళ్ళు, ఇంజనీరుగా చేసి రిటైరైనవాళ్ళు, మీకు చెప్పేంతదాన్ని కాదు. కానీ ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. దాని పేరు తీయించి ఆ స్థానంలో ఇంకెవరి పేరైనా రాయించే ఆలోచన ఉందా? ఉంటే నాకు ముందే చెప్పండి. మగవాళ్ళ సంగతి వార్డుల్లో చూసినదాన్నే. నేను అడ్డం రాను. మాట్లాడటం మాత్రం మానేస్తాను.

ఇంకో మాట. నా చేతుల మీదుగా పోయినవాళ్ళు లెక్కలేనంతమంది. నాడి పట్టుకుని, కంట్లో దీపం వేసి చూసి, డాక్టర్ని పిలిచి, అప్పుడే రాసేదాన్ని. కళ్ళారా చూడకుండా పోయారని ఒక్కరి గురించీ నేను సంతకం పెట్టలేదు. చిన్నదాన్ని నేను చూడలేదు. అది నాకు చెప్పకుండా ఊరి పొలిమేర కూడా దాటేది కాదు.

వేళకి తినండి. రాత్రి పెరుగు వద్దు, మీకు పడదు.

మీ వదిన


జూన్ 14

వదినగారికి,

జాబితాలో ఒకరి స్థానంలో ఇంకొకరిని రాయరు. కొత్తగా చేరేవాళ్ళకి చివర కొత్త వరుస సంఖ్య ఇస్తారు. నాకు అటువంటి ఆలోచన లేదు.

తొందర ఎందుకన్నారు. క్రితంసారి ఎన్నికల్లో ఆ మూలింటి పెద్దాయన ఓటు ఎవరో వేసేశారు. ఆయన అప్పటికే పోయారు. ఆయన పేరు చెప్పి, సంతకం పెట్టి, దర్జాగా వెళ్ళిపోయారు. ఆ రోజు మీ చెల్లెలు అన్నం ముట్టలేదు. నా చేతిలో ఉన్న జాబితాలోంచి దొంగతనం జరిగిందని అంది. పోయినవాళ్ళ పేరు ఉంచితే వాళ్ళని దాచుకున్నట్టు కాదు, ఎవరో ఒకరు తొడుక్కోవడానికి వాళ్ళ చొక్కా వీధిలో తగిలించినట్టు అనేది. నెలాఖరులోగా తీయకపోతే ఆమె పేరు అలా వీధిలో వేలాడుతుంది. ఎవరో ఒక మనిషి వచ్చి, నేనే ఆమెనని చెప్పి సంతకం పెడుతుంది. ఇది నేను చూడలేను. కారణం అంతే.

కానీ పని జరగడం లేదు. మొన్న ఇంటికి ఒక కవరు వచ్చింది, ఆమె పేరు మీద. లోపల ఇలా ఉంది: "మీ పరిధిలోని ఫలానా ఇంట్లో ఫలానా స్త్రీ మరణించినట్టు సమాచారం అందినది. మీరు స్వయంగా ఆ ఇంటికి వెళ్ళి విచారించి, నివేదిక పంపవలెను." ఫలానా ఇల్లు మా ఇల్లు. ఫలానా స్త్రీ ఆమె.

కవరు పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. అక్కడ ముద్రలు వేసే గుమస్తా ఒకతను ఉన్నాడు. ఆమెకు బాగా తెలిసినవాడు. ఓపిగ్గా చెప్పాడు. ఎవరి పేరు తీయాలన్నా ఆ వీధి పరిశీలకులు ఇంటికి వెళ్ళి, ఇంట్లోవాళ్ళని అడిగి, సంతకం పెట్టాలి. పరిశీలకురాలే లేదు కదా అన్నాను. లేరని కాగితం మీద ఉండాలి కదా సార్ అన్నాడు. మరణ ధ్రువపత్రం చూపించాను. ఆ పేరుగల స్త్రీ ఒకరు పోయారని ఇందులో ఉంది, ఆ స్త్రీ ఈ ఇంటావిడేనని వీధి పరిశీలకురాలు చెప్పాలి అన్నాడు. వేరే పరిశీలకుణ్ణి వేయమన్నాను. ఖాళీ అయితే వేస్తాం అన్నాడు. ఎప్పుడు ఖాళీ అవుతుందన్నాను. ఆవిడ పోయినట్టు ఆవిడ నివేదిక రాగానే అన్నాడు. పక్క వీధి పరిశీలకుణ్ణి పంపమన్నాను. వీధి మధ్యలో గీత దాటితే పరిధి దాటినట్టేనట.

అంతా చెప్పి అతను కళ్ళు తుడుచుకున్నాడు. "ఆవిడైతే ఈ నివేదిక ఒక్క పూటలో పంపించేవారు సార్" అన్నాడు.

పెరుగు మానేశాను.

మీ మరిది


జూన్ 18

మరిదిగారికి,

మీ ఉత్తరం చదివి చాలా రోజుల తర్వాత నవ్వాను. కాలు కదిలి కుట్లు లాగాయి. పోనీలెండి, ఆ ఆఫీసువాళ్ళకైనా ఇంగితం ఉంది. మనిషి ఉందనే అనుకుంటున్నారు. దాని పేరు మీద కవరు వచ్చిందంటే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇంకా ఏమైనా వస్తే చింపకండి. దాని బల్ల మీద పెట్టండి.

మీకు అటువంటి ఆలోచన లేదన్న ఒక్క వాక్యం చాలు. మగవాళ్ళు లేదని పేజీలు పేజీలు రాస్తేనే నమ్మకూడదు. చొక్కా సంగతి కూడా అర్థమైంది. కానీ చొక్కా తీసి మడిచి పెట్టెలో పెట్టుకోవచ్చు కదా, చింపేయాలా?

ఇప్పుడు మీరు కోప్పడే సంగతి. మీ ఊరి ఎన్నికల ఆఫీసుకు నేను రిజిస్టర్ పోస్టు పంపాను. ఆక్షేపణ. పేరు తీయడానికి ఎవరైనా ఆక్షేపణ చెప్పొచ్చని చిన్నదే ఒకసారి చెప్పింది. ఏం రాశానంటే, నేను ఆమె అక్కని, రిటైర్డ్ నర్సుని, నాడి చూడలేదు, కాబట్టి మరణం విషయంలో నేను ఏ అభిప్రాయానికీ రాలేను అని. వార్డులో కేసు షీటు రాసినట్టు శుభ్రంగా రాశాను. అబద్ధం ఒక్కటీ లేదు.

పైనతను రెండో స్వరానికి వెళ్ళాడు. మొదటిదే నయం.

మీ వదిన


జూన్ 22

వదినగారికి,

మీ ఆక్షేపణ అందింది. ఆఫీసులో సంబరపడ్డారు. ఆక్షేపణల రిజిస్టరు తెరిచి ఏళ్ళయిందట, ఒక్క పేజీ కూడా నిండలేదట, వచ్చే వారం పై అధికారుల తనిఖీ ఉందట. మీరు ఈ ఊరి ఓటరు కాదు కాబట్టి మీ కాగితం చెల్లదని నేను చెప్పబోయాను. ఆ మాట అనొద్దని గుమస్తా రెండు చేతులూ జోడించాడు.

ఇప్పుడు ఆమె మరణం వివాదంలో ఉంది. ఇరవై ఏడున విచారణ. ముగ్గురికి నోటీసులు వచ్చాయి. దరఖాస్తుదారుగా నాకు. ఆక్షేపణదారుగా మీకు, మా చిరునామాకే పంపారు, ఇందులో జతచేశాను. మూడోది ఆమెకు. "సంబంధిత వ్యక్తి స్వయంగా హాజరై తన వాదన వినిపించవలెను."

వీటితో పాటు ఆమెకు ఒక మెమో వచ్చింది. గడువులోగా నివేదిక పంపనందుకు సంజాయిషీ అడిగారు. విధుల పట్ల నిర్లక్ష్యం అని రాశారు.

జ్వరంతో ఉన్నప్పుడు కూడా ఆమె ఒక్క కాగితం ఆలస్యం చేయలేదు. నిర్లక్ష్యం అన్న మాట ఆమె పేరు పక్కన ఉంది. నోటీసుల సంగతి నేను భరించగలను. మీరు చేసిన పని వల్ల ఇది జరిగిందని అనడం లేదు. కానీ మీరు చేసిన పని వల్ల ఇది ఆగడం లేదు.

సంజాయిషీ నేనే రాసి పంపాను. ఒకటే వాక్యం. ఆమె ఎప్పుడూ గడువు దాటలేదు అని.

మీ మరిది


జూన్ 24

మరిదిగారికి,

మెమోనా? చిన్నదానికా? ఎవడండీ వాడు?

వస్తున్నాను. వ్యాయామం ఆవిడ వద్దంటోంది. మీ లెక్క మీరు పెట్టుకోండి, నా కాలు నేను పెట్టుకుంటానని చెప్పాను. ఎల్లుండి సాయంత్రం బస్సుకి దిగుతాను. బస్టాండుకి రావద్దు, మనం ఎదురుపక్షాలం. నోటీసు వెనకాల ఉన్నది మీరు చదివారో లేదో. "విచారణ ముగిసేవరకు ఇరుపక్షాలు ఈ విషయమై పరస్పరం మాట్లాడరాదు." నేను ఆస్పత్రిలో కూడా రూలు తప్పలేదు, ఈ వయసులో తప్పను.

వెనక గది ఊడ్పించండి.

మీ వదిన


జూన్ 27, వెనక గది

మరిదిగారికి,

మాట్లాడకూడదన్నారు కానీ రాయకూడదని లేదు కదా. అందుకని తలుపు కిందినుంచి తోస్తున్నాను. అందగానే మీ బల్ల మీద ఒకసారి తట్టండి, నాకు తెలుస్తుంది.

నేను ఆఫీసు దాకా వచ్చి కింద కూర్చోవలసి వచ్చింది. విచారణ పై అంతస్తులో అంటారు, మెట్లు ఎక్కలేనంటాను. ఆక్షేపణల రిజిస్టరు ఆ గది దాటకూడదట, అధికారి రిజిస్టరుని వదలకూడదట. మరి నా వాదన ఎవరు వింటారయ్యా అంటే, కింద కాపలావాడు విన్నాడు. మంచి మనిషి. వాళ్ళమ్మకి కూడా మోకాళ్ళేనట. మెమో రాసిందెవరని అడిగితే, మెషీను అమ్మా, గడువు దాటితే అదే రాసేస్తుంది అన్నాడు. మెషీనుతో ఏం పోట్లాడతాను.

పైన ఏం జరిగింది? రిక్షాలో వస్తూ మీరు ఒక్క ముక్క చెప్పలేదు. రూలు పాటిస్తున్నారని సంతోషించాను కానీ, ఇంటికొచ్చాక కూడా అలా గోడవైపు చూస్తూ కూర్చుంటే నాకు భయమేసింది.

వంటగదిలో అన్నం మూతపెట్టి ఉంచాను. అది ఈ విషయం కిందికి రాదు.

మీ వదిన


జూన్ 27, ముందు గది

వదినగారికి,

పైన జరిగింది ఇది.

గదిలో అధికారి, గుమస్తా, ఒక ఖాళీ కుర్చీ. కుర్చీ ఆమె కోసం వేశారు. అధికారి చిన్నవాడు, మర్యాదస్తుడు. ముందు హాజరు పలకాలన్నాడు. జవాను వరండాలోకి వెళ్ళి ఆమె పేరు పిలిచాడు. ఇంటిపేరుతో సహా. ఎవరూ రాలేదు. మళ్ళీ పిలిచాడు. వరండాలో వేరే పనుల మీద వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక పెద్దావిడ, పాపం బయటికి వెళ్ళినట్టుంది, వస్తుందిలే బాబూ అంది.

నేను తలుపు వైపు చూశాను. ఎందుకు చూశానో తెలియదు.

గైర్హాజరు అని రాసుకున్నారు. కారణం తెలపకుండా గైర్హాజరైతే ఇంకో మెమో వెళ్తుందని గుమస్తా మెల్లగా గుర్తుచేశాడు. అధికారి పెన్ను కింద పెట్టి చాలాసేపు ఆలోచించాడు. చివరికి ఒక దారి దొరికింది. పరిశీలకులు సెలవు మీద ఉంటే, వారి కాగితాలు భద్రపరుస్తున్న కుటుంబసభ్యుడు తాత్కాలికంగా ఆ బాధ్యత చూడవచ్చునని ఒక పాత సర్క్యులర్ ఉంది. కాబట్టి ఆమెకు సెలవు ఇవ్వాలి.

సెలవు చీటీ నేనే రాశాను. కారణం అన్నచోట వ్యక్తిగతం అని రాశాను. తిరిగి విధుల్లో చేరే తేదీ అన్నచోట ఆగిపోయాను. గుమస్తా నా చేతిలోంచి కాగితం తీసుకుని, తరువాత తెలియజేయబడును అని రాశాడు. ముద్ర వేశాడు. సెలవు మంజూరైంది. మెమో కూడా దానంతటదే రద్దయిపోయిందట.

రేపటినుంచి మా వీధికి నేను పరిశీలకుణ్ణి. మీ ఆక్షేపణ కొట్టేయలేదు. పరిశీలకుడు ఆ ఇంటికి వచ్చినప్పుడు ఆక్షేపణదారు తన మాట చెప్పుకోవచ్చని రాశారు.

అన్నం తిన్నాను. ఉప్పు సరిపోయింది.

మీ మరిది


జూన్ 28, వెనక గది

మరిదిగారికి,

మీరు సంచీ గొడుగూ పట్టుకుని వీధిలోకి వెళ్తుంటే కిటికీలోంచి చూశాను. గొడుగు ఎడమచేత్తో పట్టుకున్నారు. చిన్నదీ అంతే. ఎన్నాళ్ళు కలిసుంటే వస్తుందో ఆ అలవాటు.

మీరు లేనప్పుడు ఇక్కడొకటి జరిగింది. రాయకుండా ఉండలేను.

ఒక అమ్మాయి వచ్చింది. చంకలో బిడ్డ. వీధిలోకి కొత్తగా అద్దెకు వచ్చారట, పేరు రాయించుకోవాలట. లిస్టమ్మగారున్నారా అంది. నేను నోరు తెరిచాను. మరిదిగారూ, ఎన్నో కుటుంబాలకి నేను ఆ మాట చెప్పాను. వరండాలో నిలబడి, చెయ్యి పట్టుకుని, తడబడకుండా. ఆ మాట నా నోటికి రాలేదు. "ఇప్పుడే బయటికి వెళ్ళిందమ్మా" అన్నాను.

అంతటితో పోతుందనుకున్నాను. వచ్చేదాకా కూర్చుంటానంది. గుమ్మంలో కూర్చుంది. మంచినీళ్ళిచ్చాను. బిడ్డ ఏడ్చింది, పాలిచ్చింది, బిడ్డ పడుకుంది. ఆవిడ రావడానికి ఎంతసేపవుతుందండీ అంటుంది. వచ్చేస్తుంది అంటాను. ఆ అమ్మాయి వీధి ఆ చివరికీ ఈ చివరికీ చూస్తుంటే, సిగ్గులేకుండా నేను కూడా చూశాను. ఎండ వాలిపోయింది. ఇక లాభం లేదని లేచి వెళ్ళిపోయింది. నెలాఖరుతో మూసేస్తారని దానికీ తెలుసు. ఈ ఎండలో బిడ్డనెత్తుకుని రేపు మళ్ళీ రావడం కుదరదట.

ఒక మనిషి ఉందని నేను చెప్పినందుకు, నిజంగా ఉన్న మనిషి పేరు లేకుండా పోతుందేమో. చిన్నదానికి తెలిస్తే నన్ను కడిగిపారేసేది.

ఆ అమ్మాయి ఇల్లు మందుల దుకాణం మేడ మీద. మీరు వెళ్ళండి.

మీ వదిన


జూన్ 29, ముందు గది

వదినగారికి,

పొద్దున్నే మందుల దుకాణం మేడ మీదికి వెళ్ళాను. ఆ అమ్మాయి పేరు, ఆమె భర్త పేరు రాసుకున్నాను. లిస్టమ్మగారు బాగున్నారా, నిన్న చాలాసేపు చూశానండీ అంది. సెలవులో ఉన్నారని చెప్పాను. ఆఫీసు కాగితాల ప్రకారం నిజమే. మెట్లు దిగాక నాకూ బాగా అనిపించలేదు. మీ మీద నాది పైచేయి అనుకోవడానికేమీ లేదు.

తర్వాత మూలింటి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. తలుపు కొట్టాను. తీసింది. మీ చెల్లెలికి ఒక్కసారి కూడా తీయని తలుపు. పక్కకు తప్పుకుని లోపలికి రమ్మంది. లిస్టమ్మ వస్తే భయం, మీరొస్తే జాలి అంది. కూర్చోబెట్టి తను నిలబడింది.

ఆయన పేరు ఎందుకు తీయనివ్వడం లేదో చెప్పింది. జాబితా అచ్చువేసి బడి గోడకు అంటిస్తారు కదా. ఏ ఇంట్లో ఎవరెవరున్నారో దారినపోయే ప్రతివాడూ చదువుకోవచ్చు. ఆయన పేరు తీసేస్తే ఆ ఇంటి నంబరు కింద ఒక్క పేరే మిగులుతుంది. ఈ ఇంట్లో ముసలిది ఒక్కతే ఉందని ప్రభుత్వమే గోడకెక్కించి దొంగలకు చెబుతుందా అంది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఒక్క దొంగను పట్టుకున్నది లేదట, గాఢనిద్ర. అయినా పేరుంటే ధైర్యం అంది.

ఈ గోడ సంగతి మీ చెల్లెలికి తట్టి ఉంటే ఏదో ఒక దారి చూసేది. నాకు తోచిందొకటే. మా నంబరు కింద కూడా ఇక ఒక్క పేరే ఉంటుందండీ అన్నాను.

మీ ఆవిడది తీసేశారా అని అడిగింది. ఇంకా లేదన్నాను.

"అయితే ముందు మీ ఇల్లు గోడకెక్కనివ్వు నాయనా. నీ ఇంటికి దొంగలు రాకపోతే అప్పుడు మా ఆయన్ని తీద్దువుగాని" అంది.

ఒప్పుకున్నాను. గోడకెక్కేదాకా ఆగితే గడువు దాటిపోతుందంటే, మా ఇంటి నివేదిక ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకున్న కాగితం చూపిస్తే సంతకం పెడతానంది. రేపు ఆఫీసు మూసేలోగా తను ఎక్కడికీ వెళ్ళనని, తలుపు గడియ కూడా వేయనని చెప్పింది. దొంగల మాట ఆ పూటకి మరిచిపోయినట్టుంది.

కాబట్టి వీధి మొత్తంలో మిగిలినవి రెండిళ్ళు. మొదటిది మనదే.

దీనికి రూలు ఇలా ఉంది. పరిశీలకుడు బయటినుంచి రావాలి. తలుపు కొట్టాలి. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళు, పరిశీలకుడు కాని వేరొకరు, తలుపు తీసి జవాబు చెప్పాలి. నేనే అడిగి నేనే చెప్పుకుంటే చెల్లదు. గుమస్తాను అడిగి చూశాను. రేపు సాయంత్రంలోగా నివేదిక అందకపోతే ఆమె పేరు ఎన్నికలు అయ్యేదాకా ఉండిపోతుందని కూడా చెప్పాడు. ఈ ఇంట్లో నేను కాక ఉన్నది మీరే.

మిమ్మల్ని ఏమి చెప్పమనీ నేను అడగను. నాడి చూడలేదని మీరు అంటే, అదే రాసుకుంటాను. ఆక్షేపణదారుగా అది మీ హక్కు. వదిన కదా అని ఒక్క అక్షరం మార్చను. ఆమె అయినా మార్చేది కాదు.

కానీ ఒకటి మీకు తెలియాలి. మీరు ఆ మాట నోటికి రాలేదన్నారు. ఇన్ని ఉత్తరాల్లో, దరఖాస్తులో, సంజాయిషీలో, సెలవు చీటీలో నేనంతా రాతతోనే గడిపాను. నోటితో నేను కూడా ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో కవరు చూపించాను, ధ్రువపత్రం చూపించాను. పరిశీలకురాలే లేదు కదా అన్నప్పుడు కూడా ఉద్యోగం గురించి మాట్లాడుతున్నట్టే అన్నాను. రేపు రాతతో కుదరదు. ఆమె పేరు పలికి, ఈ ఇంట్లో ఉన్నారా అని నేను గట్టిగా అడగాలి. ఉన్నారో లేదో మీరు గట్టిగా చెప్పాలి. ఇద్దరిలో ఎవరి పని కష్టమో నాకు తెలియడం లేదు.

మాట్లాడరాదన్న రూలు గురించి ఆలోచించకండి. అది ఎదురుపక్షాలకు. రేపు నేను మీకు ఎదురుపక్షం కాను, తలుపు దగ్గరికి వచ్చిన పరిశీలకుణ్ణి. కాలు నొప్పిగా ఉంటే కుర్చీ గుమ్మం దగ్గరికి జరుపుకుని కూర్చోండి. తలుపు తీయడానికి లేస్తే చాలు.

రేపు పొద్దున టీ తాగి, సంచీ తీసుకుని నేను బయటికి వెళ్తాను. తలుపు దగ్గరగా వేసి, వీధిలోకి నడిచి, మన ఇంటి నంబరు సరిచూసుకుని తిరిగి వస్తాను. తలుపు కొడతాను. ఈ ఇంట్లో ఎవరెవరున్నారని అడుగుతాను. మీరు తీసేవరకు అక్కడే నిలబడి ఉంటాను.

మీ మరిది